నల్లమద్ది అరుగు

హోలీ నాడు మా ఆయన జగదీష్‌ను చక్రాల కుర్చీతో సహా నలుగురు ఎత్తి వాకిట్లోకి దించారు. మా తండాలో హోలీ అంటే ఆడవాళ్ళు గుండ్రంగా తిరుగుతూ పాడుతుంటే ఇంట్లో ఒక్క మనిషి ఉండడు. కిందటేడు గాలివానలో తెగిన లైను కలుపుతూ కరెంటు స్తంభం మీద నుంచి పడ్డాక జగదీష్‌కు నడుము కింద కదలిక లేదు. దవాఖానాకు తప్ప గడప దాటింది లేదు. పండక్కయినా బయట కూర్చోబెడదామని ఆ నలుగురూ ప్రేమతోనే వచ్చారు. రెండో మెట్టు మీద ఒకరి కాలు జారింది. కుర్చీ పక్కకు ఒరిగింది. మనిషి పడలేదు గాని లుంగీ జారిపోయింది. పాట ఆగింది. ఆడవాళ్ళంతా ఒక్కసారే ముఖాలు తిప్పుకున్నారు. మర్యాదకే తిప్పుకున్నారు. ఆయనకు గుచ్చుకున్నది ఆ మర్యాదే.

మళ్ళీ లోపలికి చేర్చి అందరూ వెళ్ళిపోయాక గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను నీళ్ళిస్తే తాగలేదు.

"సువర్ణా, ఇంక నన్ను ఎవ్వలూ ఎత్తొద్దు," అన్నాడు.

"మరి దవాఖానాకు?"

"దేనికీ వద్దు."

ఇంట్లో మేం మాట్లాడుకునేది లంబాడీలో. అందరికీ తెలియాలని తెలుగులో చెబుతున్నాను.

ఆయన మాటలో ఇంకో సంగతి దాగి ఉంది. కూర్చుని చేసే పని ఇస్తామని కరెంటు ఆఫీసు వాళ్ళు కబురు పెట్టారు. సబ్‌స్టేషన్‌లో ఫోన్లు ఎత్తి, ఎక్కడ కరెంటు పోయిందో విని, లైన్‌మన్లను పంపే పని. వానాకాలం మొదలయ్యేలోపు చేరాలి. రోజూ వెళ్ళాలి, రోజూ రావాలి. అంటే రోజూ రెండుసార్లు నలుగురు ఎత్తాలి. ఆయన ఆ ఉద్యోగం వద్దనుకున్నాడని నాకు ఆ సాయంత్రమే అర్థమైంది. ఈ మనిషి మంచంలోనే ముసలివాడైపోకూడదని కూడా నేను ఆ సాయంత్రమే అనుకున్నాను.

మా ఇల్లు తండా చివర, గుట్ట కింద ఉంటుంది. వానొస్తే గుట్ట మీది నీళ్ళన్నీ మా ఇంటికీ రోడ్డుకూ మధ్య నుంచి వాగులా పారతాయి. అందుకే మా మామ రూప్లా బతికున్నప్పుడు నడుమెత్తు పునాది మీద ఇల్లు కట్టాడు. ఆ ఎత్తే ఇప్పుడు మాకు అడ్డం. ఖమ్మం దవాఖానాలో కసరత్తులు నేర్పే అమ్మాయిని అడిగితే, కుర్చీని ఆయనంతట ఆయన తోసుకోవాలంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున వాలు ఉండాలని చెప్పింది. ఇంటి ముందు అంత జాగా లేదు. గడప ఎత్తులో ఒక వెడల్పాటి అరుగు, అక్కడి నుంచి గోడ పక్కగా పోయి, మళ్ళీ వెనక్కి తిరిగి రోడ్డు మీదికి దిగే వాలు. అలాగైతేనే కుదురుతుంది.

మేస్త్రీని పిలిచి సిమెంటు వాలుకు ముగ్గు పోయించాను. సిమెంటు మాట వినగానే మా దిగువింటి మంగమ్మక్క కొంగు దోపుకుని వచ్చింది.

"నీ మొగడు తిరగాలె, నాకూ గదే కావాలె సువర్ణా. గని గీడ అడ్డంగ గోడ కడ్తివంటే గుట్ట నీళ్ళు యాడికి పోవాలె? నా ఇంట్లకే గద!"

"తూములు పెడ్తనక్కా."

"తూములల్ల ఆకులు, కొమ్మలు ఇరుకుతయి. నడివానల నువ్వొచ్చి తీస్తవా?"

ఆమె అన్నది తప్పు కాదు. ముగ్గు మీద నేనే చీపురు తిప్పాను. నీళ్ళు కింద నుంచి పోవాలి, మనిషి పైనుంచి పోవాలి. అంటే కాళ్ళ మీద నిలబడే అరుగు. ఇనుప రేకైతే మా ఎండలకు పెనమైపోతుంది, వానకు జారుతుంది. మిగిలింది కర్ర.

మా అత్త జమ్లి నవ్వింది. "కర్రనా? గీ నేలల కర్ర పెడ్తే చెదలకు బువ్వ పెట్టినట్టే. రెండు వానలకు మట్టైతది."

"ఏ కర్ర మట్టి కాదో చూసి పెడదాం అత్తా."

"చూసేదెవరు? నువ్వు టికెట్లు కొట్టుకుంటవా, కర్రలు చూసుకుంటవా?"

నేను ఆర్టీసీలో కండక్టర్‌ని, సత్తుపల్లి డిపో. భద్రాచలం రూట్లో తిరుగుతాను. ఆ రోజు నుంచి రెండూ చేశాను. బస్సు కిటికీ నుంచి ఎడ్లబండి కనిపిస్తే చక్రం చూశాను. పాత ఇల్లు కనిపిస్తే వాసాలు చూశాను. సీట్లో ఎవరైనా ముసలాయన తీరుబాటుగా ఉంటే, ఎండకూ వానకూ నిలిచే కర్ర ఏదని అడిగాను. ప్రతి ఒక్కరి దగ్గరా జవాబు ఉంది, ఏ ఇద్దరి జవాబూ ఒకటి కాదు. వేప అన్నారొకరు, చెదలు ముట్టవట. మాకు చుట్టూ తోటలున్న జామాయిల్ అన్నారొకరు, చవగ్గా వస్తుందట. టేకుకు మించింది లేదన్నారు అందరూ. మా తలుపులు చేసిన బొజ్జయ్య పక్క గూడెంలో ఉంటాడు, కోయ వడ్రంగి. ఆయనేమో, "నల్లతుమ్మ పెట్టు చెల్లే. బండి చక్రం చేసినా, నాగలి చేసినా గదే. ఇంకోటి అడగకు," అని తేల్చేశాడు.

భద్రాచలంలో బస్సు ఆగిన గంటసేపట్లో ఒకసారి గోదావరి ఒడ్డుకు వెళ్ళి పడవ బాగుచేసుకుంటున్న మనిషిని అడిగాను. ఆయన చెక్కకు జీడిగింజల నూనె పూస్తున్నాడు, చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని.

"రోజూ నీళ్ళల్లనే ఉంటది గదన్నా, పుచ్చిపోదా?"

"తడిస్తే ఏం కాదమ్మా. తడిసినంక ఆరకపోతేనే పుచ్చుతది. నీ అరుగుకు గాలాడనియ్యి, సందులు ఇడిసిపెట్టు."

ఆయన మాట మనసులో ఉంచుకున్నాను. కర్ర సంగతి మాత్రం ఇంకా తేలలేదు. ఇన్ని నోళ్ళు ఇన్ని మాటలు చెబుతుంటే మా నేలనే అడిగితే పోదా అనిపించింది. పెరట్లో చెదలు పట్టిన మామిడి మొద్దు ఒకటి ఉంది. సామిల్లుకు పోయి జామాయిల్, సుబాబుల్, వేప, టేకు ముక్కలు తెచ్చాను. బొజ్జయ్యను అడిగి తుమ్మ ముక్క తీసుకున్నాను. అన్నిటినీ ఆ మొద్దు చుట్టూ సగం మట్టిలోకి, సగం పైకి ఉండేలా పాతాను. రోజూ గిన్నెలు కడిగిన నీళ్ళు వాటి మీదే పోశాను.

"కర్రలకు నీళ్ళు పోస్తవేంది? మొలకలొస్తయా?" అంది మా అత్త.

పెరటి కిటికీ పక్కనే జగదీష్ మంచం. నేను వంగి నీళ్ళు పోస్తుంటే చూసేవాడు. నేను చూస్తే కళ్ళు మూసుకునేవాడు.

శ్రీరామనవమికి భద్రాచలం బస్సుల్లో కాలు పెట్టే చోటు ఉండదు. కల్యాణం చూసుకుని తిరిగి వస్తున్న ఒక పెద్దాయన, వేంసూరు వైపు రైతు, ఫుట్‌బోర్డు దగ్గర నా పక్కనే నిలబడ్డాడు. జనం కాస్త పల్చబడ్డాక నేను ఎప్పటిలాగే అడిగాను.

"కొత్త కర్ర ఎందుకమ్మా కొనడం?" అన్నాడాయన. "మా పొలంలో పొగాకు బ్యారను ఉంది. పొగాకు వెయ్యడం మానేసి చాలా ఏళ్ళయింది. ఈ ఎండాకాలంలో దాన్ని ఇప్పేస్తున్నాం. లోపలి దూలాలన్నీ నల్లమద్దే. మా నాన్నగారు వేయించినవి. వంటచెరుకు కింద అడుగుతున్నారు, నాకు ఇవ్వబుద్ధి కావట్లేదు."

సెలవు రోజున వేంసూరు వెళ్ళాను. పొగాకు ఆరబెట్టే ఆ బ్యారను రెండంతస్తుల ఎత్తున, కిటికీల్లేని గదిలా నిలబడి ఉంది. లోపల చీకటి. తల ఎత్తితే వరుసలు వరుసలుగా దూలాలు, నల్లగా, పొడిగా. ఏళ్ళ తరబడి పొయ్యి వేడికి ఆరి ఆరి ఇక ఆరేందుకు ఏమీ మిగల్లేదు వాటిలో. పారతో కొడితే ఖంగుమన్నాయి. పైకప్పు కూలిన మూల ఒక దూలం మాత్రం వానకు తడుస్తూ నిలబడి ఉంది. గోరు పెట్టి గీకాను. పైన బూజులాంటి నలుపు పోయి, కింద గట్టి గోధుమరంగు తేలింది. విరిగిన కొస ఒకటి అడిగి తెచ్చి, దాన్నీ మామిడి మొద్దు పక్కన పాతాను.

ఆ నెలాఖరులో మా మరిది రాందాస్ వచ్చాడు. అతనికి ట్రాక్టర్ ఉంది, పాల్వంచ దగ్గర కిరాయికి తోలుతాడు. అన్న పడ్డప్పటి నుంచీ దవాఖానా చుట్టూ తిరిగింది అతనే. పొద్దుగూకే వేళకు ట్రాక్టర్ తెచ్చి మా వాకిట్లో ఆపాడు. ట్రక్కులో వరిగడ్డి. గడ్డి తీస్తే కింద టేకు దుంగలు, ఇంకా పచ్చి వాసన.

"వదినా, నువ్వు ఊర్లు తిరుగుడు బందు చెయ్యి. అన్న కోసం తెచ్చిన. సామిల్లుల తెలిసినోడున్నడు, రేపే కోయిస్త."

"యాడియి?"

అతను గుట్ట వెనక అడవి వైపు గడ్డం ఎగరేశాడు.

"గట్లయితే వద్దు రాందాస్. తీస్కపో."

"ఏంది వదినా! గీ చుట్టుపక్కల ఎన్ని ఇండ్ల తలుపులు గిట్ల రాలేదు? నీకొక్కదానికే అడ్డమొచ్చిందా?"

మా అత్త అతని పక్కన చేరింది. "కొడుకు అన్న కోసం తెచ్చిండు. ఇంటికొచ్చిన కర్రను ఎనుకకు పంపుతవా?"

నాకు కోపం రాలేదు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరికీ ఎదురు చెప్పడం అదే మొదటిసారి. "అత్తా, ఆయన కొత్త డ్యూటీలో చేరుతడు. పొద్దుగాల ఇంట్లకెళ్ళి దిగేటప్పుడు మొదటగా కుర్చీ పోయేది గీ కర్ర మీదికెళ్ళే. ఎవడన్న ఫారెస్టాయన రోడ్డు మీద ఆగి చూస్తే మీ కొడుకు తల దించుకోవాలె. ఒకసారి దించుకున్నది చాలదా?"

హోలీ సంగతి పేరు పెట్టి ఎత్తలేదు. అయినా ముగ్గురం ఒక్కసారే ఆయన మంచం ఉన్న వైపు చూశాం.

"చేరుతడని నువ్వంటున్నవ్. అన్న అన్నడా?" అన్నాడు రాందాస్.



అతను గడ్డి మళ్ళీ కప్పకుండానే ట్రాక్టర్ తిప్పుకుని పోయాడు. చాలా రోజులు మా ఇంటికి రాలేదు. మా అత్త నాతో పనిమాటలు తప్ప మాట్లాడలేదు. జగదీష్ అంతకుముందు కూడా మాట్లాడేవాడు కాదు కాబట్టి, ఇల్లంతా జనం దిగిపోయాక బస్సులో మిగిలిన సీట్లలా ఉండేది. నేను డ్యూటీకి పోయేదాన్ని, వచ్చేదాన్ని, కర్రలకు నీళ్ళు పోసేదాన్ని. ఆపాలని మాత్రం ఒక్కరోజు కూడా అనిపించలేదు.

మే నెల సగంలో ఒక పొద్దున, ఎండ ముదరకముందే, బొజ్జయ్యను పిలిచి ముక్కలు తవ్వాను. జామాయిల్ పైకి బాగానే ఉంది, చేత్తో నొక్కితే రొట్టెలా లోపలికి పోయింది. సుబాబుల్ సంగతి చెప్పక్కర్లేదు. వేపను చెదలు పెద్దగా ముట్టలేదు గాని, ఎండకు మెలికలు తిరిగి నిలువునా పగిలింది. దాని మీద కుర్చీ చక్రం నిలవదు. టేకు ముక్క లేత చెట్టుది. అంచున తెల్లగా ఉన్నదంతా చెదలు తినేసి, నడుమ చేవ మాత్రం మిగిల్చాయి. తుమ్మా అంతే. పైపొర పోయి నల్లటి చేవ ఇనుములా మెరుస్తోంది.

"చూసినవా చెల్లే, తుమ్మ చేవ!" అన్నాడు బొజ్జయ్య.

"చూసినన్నా. అచ్చం చేవే కావాలంటే ఎంత లావు మాను కొట్టాలె?"

ఆయన తల గోక్కున్నాడు. "లావు తుమ్మలు ఇప్పుడేడున్నయి? గట్ల మీద ఉన్నయన్నీ కొట్టేసి జామాయిల్ పెట్టిరి. కాళ్ళకైతే దొరుకుతయి. పలకలకు దొరకవు."

చివరికి మద్ది ముక్క తీశాను. తరవాత పాతింది కాబట్టి దానికి దొరికిన రోజులు తక్కువే, ఆ మాట బొజ్జయ్య అన్నాడు కూడా. కానీ చెదల మట్టి దాని మీదికి పాకి, ఎక్కడా లోపలికి పోలేక వెనక్కి దిగిన గీతలు కనిపించాయి. తుడిస్తే పోయాయి.

"గది ఇటియ్," అన్నాడు జగదీష్.

కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి వచ్చి ఉంది. నేను ముక్క చేతిలో పెట్టాను. బొటనవేలితో అంచు నొక్కి చూశాడు. మట్టిలో ఉన్న వైపు, పైన ఉన్న వైపు, మధ్యలో. వాసన చూశాడు.

"పొగాకు."

"అవ్. బ్యారనుది."

"కాళ్ళు కూడ దీనితోనే పెడ్తరా?"

"తుమ్మతోని పెడ్తం," అన్నాడు బొజ్జయ్య. "రెండడుగులు మట్టిల పాతిపెడ్తం."

"పాతొద్దు. ఏ కర్రయినా మట్టిల పాతొద్దు." ఆయన గొంతు చాలాకాలం తర్వాత అంత గట్టిగా విన్నాను. "పాత కర్ర స్తంభాలు పీకేటప్పుడు చూసిన. పైన మంచిగుంటది, లోపల మంచిగుంటది. మట్టికి, గాలికి కలిసే కాడ జానెడంత, గక్కడనే పుచ్చుతది. స్తంభం గక్కడనే ఇరుగుతది."

"మరెట్ల నిలబెట్టాలె?" అన్నాను.

"విరిగిన సిమెంట్ స్తంభాలు ఉంటయి ఆఫీసుల. ముక్కలు నాటితే, వాటి మీద ఇనుప పట్టీ ఏసి కర్రను పైన కూసోబెట్టొచ్చు. కర్ర మట్టిని ముట్టదు. నీళ్ళు పారినా సిమెంటుకే తగుల్తయి."

బొజ్జయ్య ఆలోచించి, "గది మంచిగనే ఉంది," అన్నాడు.

"ఆఫీసుల ఇస్తరా?" అన్నాను నేను.

ఆయన మద్ది ముక్కను మంచం మీద పెట్టాడు. తర్వాత, "ఫోన్ ఇటియ్," అన్నాడు.

దవాఖానా నుంచి వచ్చాక ఆఫీసుకు ఆయన చేసిన మొదటి ఫోన్ అది. స్తంభాల ముక్కల గురించే మాట్లాడాడు, దేనికో చెప్పాడు, ఎన్ని కావాలో చెప్పాడు. అవతలివాళ్ళు ఇంకేదో అడిగినట్టున్నారు. "వానలకు ముందే, సార్," అన్నాడు. ఫోన్ నాకిచ్చి, ముక్క మాత్రం తన దగ్గరే పెట్టుకున్నాడు.

వేంసూరు కర్ర తేవడానికి ట్రాక్టర్ కావాలి. నేను ఎవరినీ అడగలేదు. ఆదివారం పొద్దున్నే రాందాస్ ట్రాక్టర్ వాకిట్లో ఆగింది. అన్న పిలిచాడట.

"బిల్లుంటదా వదినా? చూపిస్తేనే ఎత్తుత," అన్నాడు ముఖం గంభీరంగా పెట్టి.

"ఉంటది, నడువ్."

దారంతా ఆ టేకు మాట ఎవరమూ ఎత్తలేదు. బ్యారను దగ్గర అతనే పైకెక్కి దూలాలకు తాళ్ళు కట్టి దించాడు. అలా దించేటప్పుడు ఒక్కోదాన్ని అరచేత్తో కొట్టి చూసి, "కర్రంటే కర్రనే," అనుకున్నాడు తనలో తాను.

సామిల్లు వాడు దూలాలు చూసి వద్దన్నాడు. లోపల మేకులుంటే రంపం పళ్ళు పోతాయట. దూలాలన్నీ ఇంటికి తెచ్చుకుని, మేకులు పెరికే పని పెట్టుకున్నాను. పాత మేకులు, తుప్పుపట్టి తలలు ఊడిపోయినవి. మొదటి రోజు ఒక్కదాన్నే కూర్చున్నాను. రెండో రోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి మా అత్త కాళ్ళు చాపుకుని కూర్చుని, దూలాన్ని ఒళ్ళోకి లాక్కుని మేకులు పెరుకుతోంది.

"నువ్వు కళ్ళతోని చూస్తున్నవ్. చేత్తోని తడిమితే దొరుకుతయి," అంది. అదే మా మధ్య రాజీ. రాత్రి అన్నంలోకి ఆమే నాకు కూర వడ్డించింది.

కోసి తెచ్చిన పలకలు లోపల ఎర్రగా, నల్లటి చారలతో వచ్చాయి. స్తంభాల ముక్కలు నాటాం. వాటి మీద తుమ్మచేవ కాళ్ళు, కాళ్ళ మీద మద్ది దూలాలు. ఇప్పుడు జగదీష్ మంచంలో లేడు. తెల్లవారితే కుర్చీలో గడప దగ్గర ఉండేవాడు. ముందు చక్రాలు సరిగ్గా గడప అంచుకు ఆనించి కూర్చుని, బొజ్జయ్యకు ఊపిరాడనిచ్చేవాడు కాదు.

వాలు మీద పలకలు పొడుగ్గా వేశాడు బొజ్జయ్య. చూడ్డానికి బాగుంది, కోతలు కూడా తక్కువ. జగదీష్ చూసి, "అన్నా, ముందటి చక్రం చూడు. సన్నగున్నది. సందు పొడుగ్గుంటే చక్రం దాంట్ల దిగుతది, ఇంక రాదు. అడ్డంగ వెయ్యాలె," అన్నాడు.

"ముందుగాల చెప్పొద్దా బిడ్డా? ఏసినయన్నీ తియ్యాల్నా?"

"తియ్యాలె."

బొజ్జయ్య సుత్తి కింద పడేసి బీడీ తాగి వచ్చాడు. వచ్చి అన్నీ తీశాడు. అడ్డంగా వేస్తూ, "సందు ఎంత ఇడవాలె?" అని అడిగాడు.

"పెన్సిలు మందం."

"పచ్చి కర్రయితే లెక్క మారుతుండె. ఇది ముసలి కర్ర, ఉబ్బేది లేదు, కుంచుకునేది లేదు. పెన్సిలు మందం సరిపోతది," అన్నాడు బొజ్జయ్య.

వానకు చక్రాలు జారకుండా పలకల మీద ఉలితో గాట్లు పెట్టాడు. కోసిన కొసలకూ అడుగు వైపుకూ జీడినూనె పూశాను. పక్కన చేతులు ఆనించే కమ్మీలకు పూయలేదు, ఆ నూనె తగిలితే చేతులు పొక్కుతాయి. అయినా నా మోచేతి మీద ఒక పొక్కు లేచింది, చాలా రోజులు మండింది.

రోడ్డుకు దిగే చివరి మలుపు ఇంకా మిగిలి ఉండగానే, వానాకాలానికి ముందే ఒక పెద్ద వాన వచ్చింది. మధ్యాహ్నం గుట్ట మీద నల్లబడి, మేం పనిముట్లు లోపల వేసేసరికి నీళ్ళు ఎర్రగా దూకాయి. కొమ్మలు, ఆకులు, ఎవరిదో చెప్పు, అన్నీ అరుగు కాళ్ళ మధ్య నుంచి కొట్టుకుపోతున్నాయి. ఒక కొమ్మ కాళ్ళకు అడ్డం పడింది. నీళ్ళు దాన్ని తిప్పి, నిలువుగా చేసి లాక్కుపోయాయి. కింద మంగమ్మక్క తన గుమ్మంలో గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. మా అరుగును కాదు, తన వాకిలినే చూస్తోంది. కాసేపటికి అక్కడి నుంచే అరిచింది.

"పోతున్నయే సువర్ణా! ఎప్పటి లెక్కనే పోతున్నయి!"

నేను వెనక్కి తిరిగితే జగదీష్ గడప దగ్గర లేడు. అరుగు మీద ఉన్నాడు. ఎవరూ తోయలేదు. వానలో తడుస్తూ అరుగు అంచు దాకా పోయి, కమ్మీ పట్టుకుని కింద పారే నీళ్ళను చూస్తున్నాడు. జుట్టు నుదుటికి అంటుకుంది. మా అత్త "జ్వరమొస్తది" అంటూ తువ్వాలతో పరుగెత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

చివరి మలుపు పూర్తయిన రోజు రాందాస్, బొజ్జయ్య, మంగమ్మక్క అందరూ నిలబడ్డారు. నేను కుర్చీ వెనక చెయ్యి వేయబోయాను.

"పట్టకు," అన్నాడు.

మెల్లగా దిగాడు. మలుపు దగ్గర ఆగి, చక్రాలు సరిచేసుకుని, మళ్ళీ దిగాడు. రోడ్డు తగిలాక ఒక్క క్షణం మా వైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు. తండా మధ్యలోకి తోసుకుంటూ పోయాడు. ఎవరూ వెంట వెళ్ళలేదు. ఎక్కడ కూర్చున్నాడో, ఎవరితో మాట్లాడాడో ఈ రోజుకూ నేను అడగలేదు. అన్నం వేళకు వచ్చాడు, ఎక్కేటప్పుడు చెమటలు కారాయి, ఎక్కాడు.

ఆ వారంలోనే డ్యూటీలో చేరాడు. రోడ్డు మీద ఆటో ఆగుతుంది. సీటు పక్కకు కుర్చీ ఆనించుకుని, చేతుల బలంతో తనే ఎక్కుతాడు.

వానలు బాగా పట్టాక ఒక సాయంత్రం నేను డ్యూటీ దిగి టికెట్ మెషిన్ డిపోలో ఇచ్చి ఇంటికి వచ్చేసరికి ఏడు కావచ్చింది. అంతకు కాసేపటి ముందే జగదీష్ వచ్చినట్టున్నాడు. రోడ్డంతా బురద. ఆయన వాలు ఎక్కి అరుగు మీదికి వచ్చి గడప దగ్గర ఉన్నాడు. మా అత్త తలుపుకు అడ్డంగా, చేతిలో చెంబుతో నిలబడి ఉంది.

"గా చక్రాలేంది? ఇప్పుడే ఇల్లు అలుక్కున్న. కడుక్కోనిది లోపలికి రాకు," అంటోంది.

"యాడీ, పొద్దుగాల నుంచి ఫోన్లే ఫోన్లు. ఆకలైతుంది, జరుగు," అన్నాడు ఆయన. యాడీ అంటే మా మాటలో అమ్మ.

"ఎవలకు కాదు ఆకలి? కడుక్కో ముందు."

పడ్డప్పటి నుంచీ ఆ కొడుకు మీద ఆమె గొంతు ఎత్తగా నేను వినలేదు. మంచం పక్కన కూర్చుని నుదురు నిమరడం, కళ్ళు తుడుచుకోవడం, అంతే. నేను వాలు మొదట్లోనే ఆగిపోయాను.

జగదీష్ చెంబు అందుకున్నాడు. వంగి ఒక చక్రం కడిగాడు, కుర్చీ తిప్పుకుని రెండోది కడిగాడు. ఖాళీ చెంబు ఆమెకిచ్చాడు. మా అత్త లోపలి దీపం వెలుగులో వంగి చూసింది.

"ఎడమది సరిగ్గ కాలే," అని మళ్ళీ నీళ్ళు తేవడానికి లోపలికి పోయింది.